పరుగెత్తినవారి సాక్ష్యము

ధ్యాన భాగములు: హెబ్రీయులకు 12:1-3, 1 రాజులు 19:1-8, లూకా 24:13-35



మన గ్రామముల బిడ్డలనేకులు హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొనిరి, నేడును చదువుకొనుచున్నారు. వారిని చూడబోయిన తలిదండ్రులకును, ఆర్.టి.సి. ఆసుపత్రికి పోయినవారికిని, దాని ప్రక్కనున్న తార్నాక కూడలి తెలియని చోటు కాదు. ఆ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. దాని ఆర్ట్స్ కళాశాల యొక్క గొప్ప రాతి భవనము 1939లో తెరువబడినది. పగలంతయు అక్కడ విద్యార్థుల సందడి యుండును. అయితే తెల్లవారుజామున పోయి చూచినవారికి మరియొక జనము కనబడును. వారి చేతులలో పుస్తకములుండవు. కాళ్లకు బూట్లు తొడిగికొని, తార్నాక వైపునుండియు ఇతర ద్వారములనుండియు వచ్చి, చెట్ల క్రిందనున్న ఆ దారులలో కొందరు నడచుచు, కొందరు పరుగెత్తుచు ఉందురు.

వీరిలో ఉద్యోగస్థులు కలరు, ఉపాధ్యాయులు కలరు, ఇంటిపని ముగించుకొని వచ్చు తల్లులు కలరు, పింఛను పుచ్చుకొను వృద్ధులు కలరు. పరుగు వీరి జీవనోపాధి కాదు. పరుగెత్తినందుకు జీతమిచ్చువారెవరును లేరు. ఇట్టివారిని అమెచ్యూర్లు అని పిలుతురు. ఆ మాట లాటిను భాషలో ప్రేమించుట అను పదమునుండి వచ్చినది. ప్రేమించి చేయువారు అని దాని భావము. హైదరాబాదు నగరములో ఇట్టివారు కూడి 2007లో హైదరాబాద్ రన్నర్స్ అను సంఘమును ఏర్పరచుకొనిరి. ప్రతి యేట ఆగస్టు మాసమున నగరములో మారథాన్ పరుగు జరుగుచున్నది. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు.  వానకాలపు ఉక్కలో, ఎక్కుచు దిగుచు ఫ్లైఓవర్లమీదుగా ఆ దూరము పోవలెను. అంత దూరము పోలేనివారికి అందులో సగమును, పది కిలోమీటర్లును కూడ కలవు.

వీరి కాళ్ల బలమునుగూర్చి చెప్పుటకు మేమీ మాటలు వ్రాయుటలేదు. వీరి నోటి మాటనుగూర్చి వ్రాయుచున్నాము. ఏలయనగా ఈ లోకస్థులయొద్ద మన సంఘములు మరచిపోయిన ఒక మంచి అలవాటు కలదు.

1. దాచక చెప్పుకొనుట

పరుగు ముగిసిన పిమ్మట వీరు వెంటనే ఇండ్లకు పోరు. చెట్టు క్రిందనో టీ బండియొద్దనో నిలిచి, చెమట తుడుచుకొనుచు, ఒకరికొకరు తమ సంగతులు చెప్పుకొందురు. వారేమి చెప్పుకొందురో వినుడి. మొదటి పది కిలోమీటర్లు ఉత్సాహముతో అతి వేగముగా పోయితిని, ముప్పది దాటిన తరువాత నడువవలసి వచ్చెనని ఒకరందురు. పందెపు దినమున క్రొత్త బూట్లు తొడిగితిని, పాదములు బొబ్బలెక్కెనని మరియొకరందురు. పిక్క పట్టుకొని దారి ప్రక్కన కూర్చుండిపోతిననియు, ఎవరో వచ్చి లేపిరనియు ఇంకొకరు చెప్పుదురు. గమ్యము చేరకయే వెనుకకు వచ్చినవారు కూడ, ఎక్కడ ఆగిరో, ఎందుకు ఆగిరో చెప్పుదురు.

అట్టి మాటలు విని ఎవరును నవ్వరు. క్రొత్తగా వచ్చినవాడు చెవియొగ్గి వినును. ఏ ఫ్లైఓవరు ఎక్కునప్పుడు వేగము తగ్గించుకొనవలెనో, చెమట ధారగా కారు దినమున నీటితోపాటు ఉప్పు ఎందుకు అవసరమో, పందెమునకు ముందటి రాత్రి ఏమి తినవలెనో అతడు నేర్చుకొనును. ముందు నడచినవాని పొరపాటు వెనుక వచ్చువానికి దీపమగుచున్నది. ఒకడు కూలిన చోటు మరియొకనికి హెచ్చరిక రాయి యగుచున్నది.

ఇంకొక సంగతి. దూరపు పరుగుకు సిద్ధపడువారు అనుదినము తమ శక్తికొలది వేగముగా పరుగెత్తరు. శిక్షణలో ఎక్కువ భాగము, ప్రక్కవానితో మాటలాడుచు పోగలిగినంత వేగముతోనే పరుగెత్తవలెనని అనుభవజ్ఞులు నేర్పుదురు. నోట మాట రాకుండ రొప్పుచుండినయెడల, నీవు అతి వేగముగా పోవుచున్నావని అర్థము. ప్రక్కవానితో మాట తెగిపోయిన వేగము ఎక్కువ దూరము పోనియ్యదు. సంఘ పెద్దలారా, ఈ మాటను మనస్సున ఉంచుకొనుడి. మన ఆత్మీయ వేగము ఎంత గొప్పదైనను, ప్రక్కనున్న బలహీనుడు మనతో మాటలాడలేనంతగా మనము ముందుకు పోయినయెడల, అది ఎవరికి మేలు?

2. మన సాక్ష్యముల కూటములు

ఇప్పుడు మన కూటముల సంగతి ఆలోచింతము. మన సంఘములలో సాక్ష్యమిచ్చుట మంచి ఆచారము. మన పితరులు దానిని ప్రేమించిరి. అయితే మన సాక్ష్యములు సామాన్యముగా ఏ విధముగా నుండును? జ్వరము వచ్చెను, ప్రార్థించితిమి, తగ్గెను. కుమారునికి ఉద్యోగము లేకుండెను, ప్రార్థించితిమి, దొరికెను. దేవునికి స్తోత్రము! ఇవి నిజములే, చెప్పదగినవే. కాని ఆ చాపమీదనే వెనుక వరుసలో ఒక విధవరాలు కూర్చున్నది. ఆమెయు ప్రార్థించెను. ఆమె భర్తకు జ్వరము తగ్గలేదు. ఆమెకు లేచి చెప్పుటకు మన కూటములో చోటు కలదా? ఉద్యోగము దొరకక, పరీక్ష తప్పి, పట్టణమునుండి తిరిగి వచ్చిన యౌవనస్థునికి చోటు కలదా? త్రాగుడు మానెదనని బల్లయొద్ద ప్రమాణము చేసి మరల పడిపోయిన సహోదరునికి చోటు కలదా?

జయము పొందినవారే లేచి మాటలాడవలెను, ఓడినవారు మౌనముగా నుండవలెనని మనలో ఎవరును శాసనము వ్రాయలేదు. అయినను అది వ్రాయబడినట్లే జరుగుచున్నది. తార్నాక అను పేరులోని తార్ అనగా తీగ అనియు, నాకా అనగా కాపలా చోటు అనియు, పూర్వము అక్కడ తీగ కంచె యుండెననియు పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు అక్కడ అట్టి కంచె లేదు, జనము ఇష్టమువచ్చినట్లు రాకపోకలు చేయుచున్నారు. కాని మన సాక్ష్యముల చుట్టు కంటికి కనబడని తీగ కంచె యొకటి ఇంకను నిలిచియున్నది. కన్నీటితో వచ్చినవాడు దాని వెలుపల ఆగిపోవుచున్నాడు. మొదట కూటములో మాటలాడుట మానును. తరువాత ముందు వరుసలో కూర్చుండుట మానును. కొన్నాళ్లకు రావడమే మానును. అప్పుడు మనము అతని విశ్వాసము చల్లారెనని చెప్పుకొందుము.

3. మేఘమువలె నున్న సాక్షులు

హెబ్రీ పత్రికను వ్రాసిన భక్తుడు పన్నెండవ అధ్యాయములో విశ్వాసిని పందెములో పరుగెత్తువానితో పోల్చెను. మన చుట్టు సాక్షులు మేఘమువలె ఆవరించియున్నారని చెప్పెను. ఈ సాక్షులు గట్టుమీద కూర్చుండి వేడుక చూచువారని కొందరు తలంచుదురు. పదకొండవ అధ్యాయమును చదివినయెడల వారెవరో తెలియును. నోవహు, అబ్రాహాము, శారా, యాకోబు, రాహాబు, గిద్యోను, సమ్సోను, దావీదు. వీరందరు ఇదే దారిని పరుగెత్తి పోయినవారు.

వీరి పరుగును లేఖనము ఏ రీతిగా వ్రాసెనో చూడుడి. నోవహు ద్రాక్షారసముతో మత్తుడైన సంగతి వ్రాయబడినది. అబ్రాహాము భయపడి తన భార్యను సహోదరియని చెప్పిన సంగతి ఒకసారి కాదు, రెండుసార్లు వ్రాయబడినది. శారా నవ్విన నవ్వు వ్రాయబడినది. సమ్సోను కన్నులు పోవుట, దావీదు ఊరియాను చంపించుట, ఏదియు దాచబడలేదు. పేతురు కోడి కూయకముందు మూడు మారులు బొంకిన సంగతిని నాలుగు సువార్తలును చెప్పుచున్నవి. ఆదిమ సంఘములో అంత పెద్దయైన పేతురు పతనమును దాచవలెనని ఎవరును తలంపలేదు. ఏలయనగా ఆ సంగతి విన్న ప్రతి పిరికివాడును, నాకును ఇంకొక ఉదయము కలదని తెలిసికొనును.

పౌలును చూడుడి. కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్తుమియ పందెములు రెండేండ్లకొకసారి జరుగుచుండెను. గెలిచినవారికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టుచుండిరి. అందుచేత ఆ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పౌలు పరుగు పందెమును ఉపమానముగా తీసికొనెను. అయితే అదే సంఘమునకు రెండవ పత్రిక వ్రాయునప్పుడు తన పరుగును గూర్చి ఏమి చెప్పెను? తిన్న దెబ్బలు, పగిలిన ఓడలు, ఆకలి, చలి, కిటికీగుండ గంపలో దింపబడి పారిపోవుట, దేవుడు తీసివేయని ముల్లు, వీటిని లెక్కించి చెప్పెను. తన బలహీనతనే అతిశయముగా చెప్పుకొనెను. ఇది మన సాక్ష్యముల మాదిరి కాదు, చెట్టు క్రింద నిలిచి చెప్పుకొను పరుగెత్తువారి మాదిరి.

4. ఏలీయా పడిపోయిన చోటు

మారథాన్ పరుగెత్తువారు ముప్పదియవ కిలోమీటరును గూర్చి భయముతో మాటలాడుదురు. దానికి కారణము కలదు. మనము తిన్న అన్నములోని పిండిపదార్థము కొంత కండరములలోను కాలేయములోను నిలువయుండును. పెద్దవాని దేహములో అది దాదాపు 400 లేక 500 గ్రాములు మాత్రమే. గట్టిగా పరుగెత్తినయెడల, సుమారు ముప్పది కిలోమీటర్ల వేళకు ఆ నిలువ తరుగును. అప్పుడు కాళ్లు రాళ్లవలె బరువెక్కును, తల తిరుగును, ఇక చాలునని మనస్సు చెప్పును. గోడకు గుద్దుకొన్నట్లుండునని వారందురు. ఇది వారి భక్తిహీనత కాదు, పిరికితనము కాదు. గాదెలో గింజలు అయిపోయినవి, అంతే. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. అది 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. మనుష్యుడు ఏమి తినవలెను, ఎంత తినవలెను అని విచారించుటకే ఒక గొప్ప సంస్థ కావలసి వచ్చెను గదా. మంటి దేహమునకు హద్దు కలదు.

లేఖనములో గొప్ప పరుగు పరుగెత్తినవాడొకడు కలడు. కర్మెలు పర్వతముమీద జయము పొందిన దినమున ఏలీయా నడుము బిగించుకొని, అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. ఎంత జయము! ఎంత బలము! కాని తరువాతి అధ్యాయమును తెరువుడి. యెజెబెలు బెదరింపు విని అతడు అరణ్యమునకు పారిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చుండి, ఇక చాలునని, తన ప్రాణము తీసికొమ్మని దేవునిని వేడుకొనెను. నిన్న రథమును మించిన కాళ్లు నేడు లేవలేకపోయెను.

దేవుడు అతనినేమనెను? విశ్వాసము లేనివాడా అనలేదు. కర్మెలు జయమును అప్పుడే మరచితివా అని గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతను పంపి వేడి రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల నిద్రపోనిచ్చి, మరల పెట్టించెను. ఈ ప్రయాణము నీ శక్తికి మించినదని దూత ఒప్పుకొనెను. తరువాత హోరేబులో దేవుడు అతనిని ఇక్కడ ఏమి చేయుచున్నావని రెండుసార్లు అడిగి, అతని మొరను రెండుసార్లు విన్నాడు. మొదట అన్నము, తరువాత వినుట, ఆ పిమ్మటనే ఆజ్ఞ. మన సంఘములలో ఈ క్రమము తలక్రిందులైనది. మనము మొదట ఆజ్ఞాపింతుము, తరువాత గద్దింతుము, అన్నము సంగతి అడుగనే అడుగము.

5. దాచిన నొప్పి

పరుగెత్తువారు చెప్పుకొను సంగతులలో ఒకదానిని ప్రత్యేకముగా మనవారు వినవలెను. మోకాలికి దిగువ, ముంగాలి ఎముకలో కొందరికి చిన్న నొప్పి పుట్టును. చెప్పుకొనుటకు సిగ్గుపడి, వెనుకబడుదునేమో అని భయపడి, దానిని దాచి పరుగెత్తుచు పోయినయెడల, కొందరికి ఎముకలో సన్నని పగులు ఏర్పడును. మొదటనే చెప్పి కొన్నాళ్లు విశ్రాంతి తీసికొన్నవాడు త్వరలోనే దారికి వచ్చును. దాచినవాడు నెలల తరబడి మంచాన ఉండవలసి వచ్చును. నొప్పి చేసిన కీడుకంటె దాచుట చేసిన కీడు గొప్పది.

సహోదరులారా, మన పల్లెలలో ఈ మాట కాలి ఎముకను గూర్చినది మాత్రమే కాదు. వాన రాక, పంట ఎండి, వడ్డీ పెరిగి, ఆ సంగతి భార్యతోనైనను చెప్పుకొనలేక ప్రాణము తీసికొన్న రైతుల వార్తలు మన జిల్లాలకు క్రొత్తవి కావు. వారిలో కొందరు ఆదివారమున మనవంటివారి ప్రక్కనే కూర్చుండి పాటలు పాడినవారై యుండవచ్చును. ఎట్లున్నారు అని అడిగితిమి. దేవుని కృపవలన బాగున్నాము అని చెప్పిరి. మనము చాలునని ఇంటికి పోయితిమి. దేవుని కృప అను గొప్ప మాట గాయమునకు కప్పిన గుడ్డ కాకూడదు. అప్పు కలదని, అత్తవారింట దెబ్బలు తినుచున్నానని, మనస్సు చీకటియైనదని చెప్పుకొనగల చోటు దేవుని మందిరము కానియెడల, అది మరి ఏ చోటు కావలెను? బదరీవృక్షము క్రింద ఏలీయా పలికిన మాట మన మధ్య ఎవరైనను పలికినప్పుడు, దానిని పాపమని త్రోసివేయక, రొట్టెయు నీళ్లును పట్టుకొని పరుగెత్తి పోవుడి. వైద్యుని యొద్దకు తోడుకొని పోవుడి. రాత్రి ఒంటరిగా విడువకుడి.

6. ఎమ్మాయు దారిలో

లూకా సువార్త ఇరువదినాలుగవ అధ్యాయములో ఇద్దరు శిష్యులు ఎమ్మాయు గ్రామమునకు నడచిపోయిరి. అది అరువది స్టేడియముల దూరము. స్టేడియము అనగా ఆ కాలమున పరుగు పందెపు బాట యొక్క నిడివి. మన కొలతలో దాదాపు పదకొండు కిలోమీటర్లు. దారి పొడుగున వారు జరిగిన సంగతులన్నిటిని మాటలాడుకొనిరి. అవి జయపు మాటలు కావు. మేము నిరీక్షించితిమి, ఆ నిరీక్షణ చచ్చిపోయినదని వారి మాటల సారాంశము. ఆ ఓటమి మాటల మధ్యకే ప్రభువు వచ్చి వారితో నడచెను. ఏ సంగతులని ఎరుగనివానివలె అడిగి, వారినే చెప్పనిచ్చెను. వారు చెప్పి ముగించువరకు వినెను. ఆ తరువాతనే లేఖనములను విప్పెను.

ఆ ఉదయముననే స్త్రీలు సమాధియొద్దనుండి పరుగున వచ్చి చెప్పిన మాటను అపొస్తలులు వెఱ్ఱి మాటగా ఎంచిరని అదే అధ్యాయము చెప్పుచున్నది. పునరుత్థానపు మొదటి సాక్ష్యమే నమ్మబడలేదు. చెప్పినవారు స్త్రీలగుటయు దానికొక కారణమై యుండవచ్చును. మన కూటములలో నేటికిని స్త్రీలు లేచి చెప్పునప్పుడు ఎందరు పెద్దలు గడియారము చూచుచున్నారు? ప్రభువు ఎవరి నోట తన సువార్తను మొదట ఉంచెనో జ్ఞాపకము చేసికొనుడి.

రొట్టె విరిచినప్పుడు ఆ ఇద్దరి కన్నులు తెరువబడెను. అప్పటికే ప్రొద్దు గ్రుంకియుండెను. అయినను వారు ఆ గడియలోనే లేచి, అదే పదకొండు కిలోమీటర్లు తిరిగి యెరూషలేమునకు పోయి, దారిలో జరిగినదంతయు తెలియజెప్పిరి. మొదట తమ నిరాశను చెప్పుకొన్నవారే పిమ్మట సంతోషమును మోసికొని పోయిరి. నిరాశను చెప్పనియ్యని సంఘము ఆ రెండవ ప్రయాణమును కూడ చూడదు.

7. పారిస్ పట్టణమున రెండు పరుగులు

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ప్రశ్న అడుగుదురు. ఈ నగరపు పరుగులు ఆదివారముననే గదా జరుగుచున్నవి, వాటితో మనకేమి పని? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఎరిక్ లిడ్డెల్ అను స్కాట్లండు యౌవనస్థుడు 1924లో పారిస్ ఒలింపిక్ పందెములకు ఎన్నుకొనబడెను. 100 మీటర్ల పరుగు అతనికి ఇష్టమైనది. దాని మొదటి వరుస పందెములు ఆదివారమున పెట్టబడెనని తెలిసి, అతడు దానిని విడిచిపెట్టెను. తనకు అలవాటు లేని 400 మీటర్ల పందెములో 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకము పొందెను. ఈ సంగతి మనలో అనేకులు విన్నదే.

అతనిని గూర్చి తక్కువగా చెప్పబడు సంగతులు రెండు కలవు. అతడు మిక్కిలి బిడియస్థుడు. 1923లో ఆర్మడేల్ అను ఊరిలో పనివారి యెదుట మాటలాడుమని ఒక స్నేహితుడు అడుగగా ఒప్పుకొని, బోధకునివలె గాక, తన జీవితములో దేవుడెట్లున్నాడో సామాన్యమైన మాటలతో చెప్పెను. అతని సాక్ష్యపు పరుగు అక్కడ ఆరంభమాయెను. రెండవది, అతడు చైనా దేశమునకు మిషనరీగా పోయి, యుద్ధకాలమున వైషియెన్ అను నిర్బంధ శిబిరములో ఉంచబడెను. అక్కడ పిల్లలు ఆదివారమున ఆటలాడుచు, తీర్పరి లేక కొట్లాడుకొనిరి. ఒలింపిక్ పతకము కొరకు ఆదివారము పరుగెత్తనివాడు, ఆ పిల్లల కొరకు ఆదివారమున ఈల పట్టుకొని తీర్పరిగా నిలిచెను. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించెను. తన ఘనత కొరకు కాదన్నది, చిన్నవారి సమాధానము కొరకు అవుననెను. ఆదివారమును గూర్చిన ప్రశ్నకు మేము ఇంతకంటె మంచి జవాబు ఎరుగము.

ఆ పరుగు జరిగిన నూరు సంవత్సరములకు, 2024లో, అదే పారిస్ పట్టణమున, అదే 400 మీటర్ల దూరమును మన తెలుగు బిడ్డ యొకతె పరుగెత్తెను. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి, పారాలింపిక్ పందెములలో కంచు పతకము పొందెను. ఆమె బుద్ధి వికాసమునకు సంబంధించిన లోపముతో పుట్టిన పిల్ల. తలిదండ్రులు కూలి పని చేసికొనువారు. చిన్ననాట ఆమెను గూర్చి చుట్టుప్రక్కలవారు పలికిన ఎగతాళి మాటలను ఆ తలిదండ్రులు దాచుకొనక లోకమునకు చెప్పిరి. పతకము వచ్చిన తరువాత అందరును పూలమాల వేయుదురు. పతకము రాకముందు ఆ ఇంటి ముందర మనవంటివారు ఏమి మాటలాడిరి? ఇట్టి బిడ్డలు మన ఊళ్లలో ఇంకను ఎందరో కలరు. వారందరు పారిస్ పోరు. వారి తల్లులకు ఒక మాట చెప్పుకొనుటకు మన కూటములో చోటు దొరకినయెడల అదే గొప్ప సంగతి.

8. మనము చేయవలసినవి

కావున సంఘములకు మేము మూడు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, నెలకొకసారి కుటుంబ ప్రార్థనలోగాని, స్త్రీల సమాజములోగాని, యౌవనస్థుల కూటములోగాని, ఈ నెల నా పరుగు ఎక్కడ కష్టమాయెను అని చెప్పుకొనుటకు సమయమియ్యుడి. పాస్టరుగారును పెద్దలును ముందుగా చెప్పవలెను. పెద్దవాడు తన అలసటను చెప్పినప్పుడే చిన్నవానికి నోరు వచ్చును.

రెండవది, చెప్పువాడు తన పరుగును గూర్చియే చెప్పవలెను. పొరుగువాని తప్పులు సాక్ష్యము కావు, కొండెములు. పాపపు వివరములు రుచికొరకు చెప్పకూడదు, వెనుక వచ్చువానికి మేలు కొరకు చెప్పవలెను. అందరియెదుట చెప్పదగని సంగతులు కలవు. వాటిని నమ్మకమైన ఒకరితో ఇద్దరితో చెప్పుకొనుట చాలును. ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకొని, ఒకరికొరకు ఒకరు ప్రార్థించుమని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో నేర్పెను గదా.

మూడవది, వినువాడు నవ్వకూడదు, తొందరపడి బోధింపకూడదు, విన్నదానిని బావియొద్దకు మోసికొని పోకూడదు. మారథాన్ పందెములో పేసర్లు అనువారు కొందరు జెండా పట్టుకొని పరుగెత్తుదురు. వారు తమ శక్తికంటె నెమ్మదిగా పోవుదురు. తాము గెలుచుట వారి పని కాదు. తమ వెంట వచ్చువారిని చెప్పిన సమయమునకు గమ్యము చేర్చుటయే వారి పని. ప్రతి సంఘములో ఇట్టివారు ఇద్దరు ముగ్గురైన ఉండవలెను. అప్పుతో అలసినవానితో బ్యాంకు వరకు, రోగముతో అలసినదానితో ఆసుపత్రి వరకు, పడిపోయినవానితో మరల బల్ల వరకు, అతని అడుగుతో అడుగు కలిపి నడచువారు.

మన విశ్వాసమునకు కర్తయైన యేసు తానే ఈ దారిని పరుగెత్తెను. గెత్సేమనేలో తన ప్రాణము మరణమగునంతగా దుఃఖించుచున్నదని ఆయన ముగ్గురు స్నేహితులతో దాచక చెప్పెను. తనతోకూడ మెలకువగా నుండుమని వారిని అడిగెను. వారు నిద్రపోయిరి. దేవుని కుమారుడు తన భారమును చెప్పుకొన్నప్పుడు వినుటకు మెలకువగానున్నవాడు లేకపోయెను. నేడు ఆయన తమ్ములలో మిక్కిలి అల్పుడైన ఒకడు మన యెదుట నోరు తెరచునప్పుడు, మనమైనను మెలకువగా నుందము.

ప్రార్థన: మా ప్రభువా, నీవు మా దారిని ఎరుగుదువు, మా అలసటను ఎరుగుదువు. బాగున్నామని చెప్పి బాగులేని మా సహోదరుల మౌనమును నీవు వినుచున్నావు. వారు చెప్పుకొనునట్లు మా కూటముల కంచెలను తీసివేయుము. వినుటకు మాకు ఓపికగల చెవులను, నవ్వని పెదవులను, రొట్టెయు నీళ్లును మోసికొని పోవు చేతులను దయచేయుము. ముందున్నవారు వెనుకనున్నవారిని విడువక, వెనుకనున్నవారు సిగ్గుపడక, అందరము కలిసి నీయొద్దకు చేరునట్లు మమ్మును నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.